గుర్వయ్య సారు ఇంట్లోకి లినక్స్ వచ్చిన వైనం

పదో తరగతి పరీక్షలకు గుర్వయ్య సారు ఇన్విజిలేటర్‌గా వస్తున్నాడని తెలిస్తే, ఆ గదిలో నంబరు పడ్డ పిల్లల తండ్రులు ముందురోజే తలలు పట్టుకునేవాళ్ళు. ఆ రోజుల్లో నల్లగొండ జిల్లాలో పరీక్ష అంటే ఒక జాతర. బడి గోడ చుట్టూ మేనమామలు, అన్నలు, పెద్దమ్మ కొడుకులు మూగి ఉండేవాళ్ళు. రాయికి చుట్టిన చీటీలు కిటికీల్లోంచి వచ్చి పడేవి. కాపలా పోలీసు చెట్టు కింద కూర్చుని పాన్ నములుతూ వేరే దిక్కు చూసేవాడు. గుర్వయ్య సారు ఉన్న గదికి మాత్రం కిటికీ రెక్కలు మూసి ఉండేవి. ఆయన కొట్టడు, అరవడు. చీటీ ఉన్న పిల్లవాడి బెంచీ దగ్గరికి వచ్చి నిలబడి, ఊరికే అరచెయ్యి చాపేవాడు. పిల్లవాడు తనంతట తానే చీటీ తీసి ఆ చేతిలో పెట్టేవాడు.

ఎనభై ఎనిమిదిలో నకిరేకల్ సెంటరులో అలా చీటీ పెట్టినవాళ్ళలో తాజుద్దీన్ ఒకడు. కేతేపల్లిలో కిరాయి సైకిళ్ళ షాపు హమీద్ కొడుకు. గుర్వయ్య సారు లెక్కలు చెప్పేది కేతేపల్లి హైస్కూల్లోనే కాబట్టి, వాడు స్వయానా ఆయన శిష్యుడే. లెక్కల్లో చురుకు. ఆ రోజు పరీక్ష సోషల్. సొంత బడి పిల్లవాడు కదా, చీటీ చింపి పారేసి ఊరుకోమని సెంటరు హెడ్మాస్టరు బతిమాలాడు. గుర్వయ్య సారు ఊరుకోలేదు. తాజుద్దీన్ డిబారై, మిగతా పరీక్షలు రాయకుండా పోయాడు.

తర్వాత ఒకరోజు హమీద్ నల్లగొండకు వచ్చి, పానగల్ రోడ్డులో ఉన్న సారు ఇంటి అరుగు మీద కూర్చున్నాడు. సారు భార్య యాదలక్ష్మి ఇచ్చిన మంచినీళ్ళు తాగాడు. వానలు ఎప్పుడు పడతాయో మాట్లాడాడు. కొడుకు సంగతి ఎత్తకుండానే లేచి వెళ్ళిపోయాడు. హమీద్ గట్టిగా నాలుగు మాటలు అని పోయినా బాగుండునని గుర్వయ్య సారుకు చాలాకాలం అనిపించింది. అయితే తాను చేసింది తప్పని మాత్రం ఎన్నడూ అనిపించలేదు.

తాజుద్దీన్ ఆ ఏడే చదువు మానుకుని హైదరాబాదు వెళ్ళాడు. కోఠిలో రేడియోలు, టీవీలు బాగుచేయడం నేర్చుకుని, అక్కడి నుంచి కంప్యూటర్ల దాకా వచ్చాడు. తొంభై ఆరులో తిరిగొచ్చి నల్లగొండ గడియారం సెంటరులో, ఒక చెప్పుల షాపు మేడ మీద గది తీసుకున్నాడు. విడిభాగాలు తెచ్చి కంప్యూటర్లు బిగించి అమ్మేవాడు. సామాను విషయంలో మోసం ఉండదని పేరు తెచ్చుకున్నాడు.

తొంభై ఎనిమిది వేసవిలో గుర్వయ్య సారు కంప్యూటరు కొనాలనుకున్నప్పుడు, ఎవర్ని అడిగినా ఆ మేడ మెట్లే చూపించారు. ఆయన ఎక్కి వెళ్ళాడు. పైన తాజుద్దీన్ చేతిలోని స్క్రూడ్రైవర్ పక్కన పెట్టి లేచి నిలబడ్డాడు. కుర్చీ మీది వైర్ల కట్ట తీసేసి, అంగీ అంచుతో తుడిచి, కూర్చోమన్నాడు. పదేళ్ళ నాటి ముచ్చట ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు.

ఆయన కంప్యూటరు కొన్నది రేఖాగణితం కోసం. టీచర్ల శిక్షణలో ఒకచోట తెర మీద వృత్తం దానంతటది గీసుకోవడం చూసి మురిసిపోయాడు. కానీ ఇంటికొచ్చిన నెల తిరక్కుండానే ఆ యంత్రం యాదలక్ష్మిదయింది. పెళ్ళికి ముందు ఆమె నల్లగొండలోనే టైపు ఇన్‌స్టిట్యూటుకు వెళ్ళి తెలుగు లోయరు పాసైంది. పెళ్ళయ్యాక ఆ వేళ్ళకు బియ్యంలో రాళ్ళేరడం తప్ప పని లేకపోయింది. పిల్లలు కలగలేదు. పొద్దంతా ఇంట్లో ఒక్కతే. కంప్యూటర్లో తెలుగు అక్షరాలున్నాయని, మీటల వరస తన పాత మిషన్ వరసేనని తెలిసిన రోజు, ఆమె కుర్చీలో నిటారుగా కూర్చుని, మీటల వైపు చూడకుండా ఒక పేజీ కొట్టింది. గుర్వయ్య సారు పక్కన నిలబడి చూస్తూ ఉండిపోయాడు. ఇరవై ఏళ్ళు కాపురం చేసిన మనిషికి ఇంత వేగం ఉందని ఆయనకు అప్పుడే తెలిసింది.

వీధిలో ఎవరి పెళ్ళి పత్రికో మొదట వచ్చింది. తర్వాత మహిళా సంఘం కరపత్రం. తర్వాత రామగిరిలో ఒక ప్రైవేటు బడి వాళ్ళు ప్రశ్నపత్రాలు కంపోజు చేసిపెట్టమని పంపారు. వాకిట్లోకి పిల్లలొచ్చి "కంప్యూటరమ్మ ఉన్నదా?" అని అడగడం మొదలైంది. ఆ పిలుపు వినబడితే యాదలక్ష్మి కొంగు సర్దుకుని బయటికొచ్చే తీరులో కొత్త హోదా కనిపించేది.

అంతా సాఫీగా నడుస్తుండగా ఒకనాడు గుర్వయ్య సారు పేపర్లో ఒక వార్త చదివాడు. హైదరాబాదులో కొన్ని దుకాణాల మీద దాడి చేశారట. డబ్బు కట్టి హక్కు తీసుకోకుండా కంప్యూటర్లలో విండోస్ ఎక్కించి అమ్ముతున్నారట. అలా ఎక్కించుకున్నది వాడటం కూడా దొంగతనమేనని ఒక అధికారి చెప్పాడట. సారు ఆ వార్త ఒకటికి రెండుసార్లు చదివి, చెప్పులేసుకుని గడియారం సెంటరుకు నడిచాడు.

"తాజూ, నా కంప్యూటర్ల విండోస్‌కు కాయిదం ఉన్నదా?" అని అడిగాడు.

తాజుద్దీన్ చేస్తున్న పని ఆపాడు. అబద్ధం చెప్పొచ్చు. చెప్పలేదు.

"లేదు సార్. నల్లగొండల ఎవలింట్ల చూసినా గట్లనే ఉంటది. అసలుది కొనాలంటే సగం కంప్యూటర్ కొన్నంత అయితది. నేను అడిగితే గిరాకీ అవుతలి షాపుకు పోతరు."

"అంటే నాది కాపీ."

"కాపీయే సార్."

ఆ మాట తాజుద్దీన్ నోటి నుంచి రావడం ఇద్దరికీ తగిలింది. అతను చూపు తిప్పుకుని డ్రాయరు లాగి దేనికోసమో వెతికాడు. గుర్వయ్య సారు గోడకు తగిలించిన క్యాలెండరు వైపు చూశాడు. తాజుద్దీన్ ఒక సీడీ, దాంతోపాటు ఒక పత్రిక తీసి బల్ల మీద పెట్టాడు. సీడీ ఆ కంప్యూటరు మాసపత్రికతో ఊరికే వచ్చిందట. లినక్స్ అనే ఇంకో వ్యవస్థ, ప్రపంచంలో ఎక్కడెక్కడి వాళ్ళో కలిసి రాసి అందరికీ వదిలేసినదట. ఎన్ని కంప్యూటర్లలో వేసుకున్నా, ఎందరికి పంచినా ఎవరూ దొంగ అనరట. తాను ఒక్కసారి ఎక్కించి చూశానని, ఒక్క గిరాకీ కూడా ఒప్పుకోలేదని చెప్పాడు. "జర కష్టం సార్ అది. ఎక్కించే ముందు నన్ను పిలువుండ్రి," అని కూడా అన్నాడు.

అరుగు మీద కూర్చుని సారు ఆ పత్రికలోని పేజీలు నాలుగైదు రోజులు చదివాడు. కాపీ కొట్టడమే ధర్మమైన ఒక వస్తువు లోకంలో ఉందంటే ఆయనకు ఆశ్చర్యంగా, లోలోపల సంబరంగా ఉంది. యాదలక్ష్మికి చెబితే ఆమె వింటూనే టైపు కొట్టింది. తన పనికి అడ్డం రానంత వరకు ఏదైనా పెట్టుకోమంది.

డిసెంబరు మొదట్లో ఆమె తన చెల్లెలి కూతురి తొట్టెల వేడుకకు మోత్కూరు వెళ్ళింది. ఆదివారం. ఇల్లు ఖాళీ. తాజుద్దీన్‌ను పిలవాలని సారుకు గుర్తుంది. కానీ లెక్కల మాస్టరుకు సీడీ ఎక్కించడానికి ఒకరి సాయమా అన్న పట్టుదల కూడా ఉంది. ఫ్లాపీ పెట్టి, సీడీ పెట్టి, మొదలుపెట్టాడు.

నీలం తెర మీద ఇంగ్లీషులో ప్రశ్నలు వరసగా వచ్చాయి. కొన్నిటికి జవాబు తెలుసు, కొన్నిటికి ఊహించాడు. డిస్కును భాగాలు చెయ్యాలంది. మొత్తం ఎంతో, ఎంత దేనికివ్వాలో కాగితం మీద చక్కగా లెక్క వేసుకున్నాడు. లెక్క తప్పలేదు. తప్పిందల్లా ఒక్కటే. డిస్కులో మిగిలి ఉన్న ఖాళీని భాగం చేస్తున్నానని ఆయన అనుకున్నాడు. అది మాత్రం మొత్తం డిస్కును చెరిపి భాగం చేయనా అని అడిగింది. సరేనన్న మీట నొక్కాడు.

మధ్యాహ్నానికి పని అయిపోయింది. యంత్రం ఆగి మళ్ళీ లేచింది. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు బిలబిలమని పైకి పాకి, చివరకు పేరు చెప్పమని ఆగిపోయాయి. బొమ్మలు లేవు. మౌసు లేదు. విండోస్ లేదు. యాదలక్ష్మి ప్రైవేటు బడి కోసం కంపోజు చేసిన అర్ధసంవత్సర పరీక్షల పత్రాలు, ఆరు నుంచి పది దాకా అన్ని సబ్జెక్టులవీ, లేవు. వాటిలో కొన్ని ఫ్లాపీలో ఉన్నాయేమోనని బీరువా, గూడు, దిండ్ల కింద అంతా దేవులాడాడు. తెలుగు పత్రాల ఫ్లాపీ ఒక్కటి దొరికింది.

సాయంత్రం బస్సు దిగి యాదలక్ష్మి వచ్చింది. చేతిలో తొట్టెల వేడుక మిఠాయి పొట్లం. గుర్వయ్య సారు గడపలోనే నిలబడి జరిగింది చెప్పాడు. ఏదీ దాచలేదు, సాకు చెప్పలేదు. ఆమె పొట్లం బల్ల మీద పెట్టింది. తెర ముందుకు వెళ్ళి ఆ నల్లటి చతురస్రాన్ని చూసింది.

"దీంట్ల తెలుగు వస్తదా?" అంది.

"ఇప్పుడైతే రాదు."

"మరి నేనేం చెయ్యాలె?"

ఆమె లోపలికి వెళ్ళి పొయ్యి మీద అన్నానికి ఎసరు పెట్టింది. తిట్టలేదు, ఏడవలేదు. మర్నాడు పొద్దున్నే ఇంటి పని ముగించి, దొరికిన ఫ్లాపీ, ఆ బడి వాళ్ళ చేతిరాత కాగితాలు సంచీలో వేసుకుని గడియారం సెంటరుకు వెళ్ళింది. తాజుద్దీన్ సంగతి విని, షాపులో తాను కూర్చునే యంత్రాన్నే ఆమెకు ఖాళీ చేసి ఇచ్చాడు. పోయిన పత్రాలన్నీ ఆమె అక్కడ కూర్చుని మళ్ళీ కొట్టింది. పరీక్షలకు అవి అందాయి.

కానీ ఆ పని అయిపోయిన తర్వాత కూడా ఆమె పగలు అక్కడికే వెళ్ళసాగింది. వచ్చిన పని ఎక్కువైంది, ఇంట్లో యంత్రం పనికిరాదు, వెళ్ళక ఏం చేస్తుంది. సాయంత్రం సారు బస్సు దిగి వచ్చేసరికి ఇల్లు తాళం వేసి ఉండేది. తానే తాళం తీసి, తానే టీ పెట్టుకుని, ఆ నల్లటి తెర ముందు కూర్చునేవాడు. ఎవరూ అడ్డం రాని ఇంట్లో, ఎవరి సొమ్మూ కాని యంత్రం ముందు, ఆయన మనసు కుదురుగా ఉండాల్సింది. ఉండలేదు.

అయినా మొండి మనిషి, వదల్లేదు. బొమ్మల తెర రప్పించడానికి ప్రయత్నం చేస్తే, లోపల ఉన్న డిస్‌ప్లే కార్డు పేరు అడిగేది. పేరు తెలియదు. ఏదో ఒకటి చెప్తే మానిటరు కీచుమని అరిచి గీతలు గీతలుగా వణికేది. పేలిపోతుందేమోనని పరుగున స్విచ్చు ఆర్పేవాడు. అలా ఆర్పకూడదని పత్రికలో రాసి ఉంది. మళ్ళీ వేస్తే, నన్ను సరిగ్గా ఆపలేదు, డిస్కంతా పరీక్ష చేస్తానని అది మొదలుపెట్టేది. ఆ పరీక్ష సాగుతుండగా కరెంటు పోయేది. నల్లగొండలో కరెంటు ఎప్పుడు పోతుందో, ఎప్పుడొస్తుందో ఎవరి చేతిలో ఉంటుంది. వచ్చాక మళ్ళీ మొదటి నుంచి పరీక్ష. ఆ డిస్కు పరీక్ష చూస్తూ కూర్చుంటే, తాను పరీక్ష గదుల్లో గడిపిన గంటల కంటే అవే ఎక్కువని ఆయనకు అనిపించేది.

ఒక ఆదివారం తాజుద్దీన్ తనంతట తానే ఇంటికి వచ్చాడు. యాదలక్ష్మి చెప్పి పంపిందో, తానే వచ్చాడో సారు అడగలేదు. అతను పెట్టె మూత విప్పి, కార్డు బయటికి తీసి, టార్చి వేసి దాని మీది చిన్న అక్షరాలు చదివాడు. మానిటరు వెనక అంటించిన కాగితం మీది అంకెలు రాసుకున్నాడు. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని ఆ అంకెలు వేసి, తప్పితే మార్చి, మళ్ళీ వేశారు. మధ్యాహ్నం ఎప్పుడో తెర ఒక్కసారి నల్లబడి, తర్వాత బూడిద రంగు వచ్చి, మధ్యలో చిన్న బాణం గుర్తు నిలబడింది. మౌసు కదిపితే కదిలింది. గుర్వయ్య సారు ముఖం చూసి తాజుద్దీన్‌కు నవ్వొచ్చింది.

యాదలక్ష్మి టీ తెచ్చింది. తాగుతూ ఉండగా గుర్వయ్య సారే ఆ ముచ్చట ఎత్తాడు. కోపం ఉందా అని అడిగాడు. ఏ కోపమో పేరు పెట్టి చెప్పాల్సిన పని లేకపోయింది.

తాజుద్దీన్ కప్పు కింద పెట్టాడు. "చీటీ నా జేబుల ఉన్నది నిజమే గద సార్. మా నాయిన గదే అన్నడు. మీరు వదిలిపెడితే బాగుండనిపించింది, అనిపియ్యదా మరి. పట్నం పోయేదాంక మీ బస్సు వచ్చే యాళ్ళకు రోడ్డు మీదికి రాకపోయేటోన్ని."

"మళ్ళ నా యంత్రం ఎందుకు మంచిగ బిగించిచ్చినవు?"

"బిగించుడు నా పని సార్."

క్షమాపణ అడగాలని ఆయనకు తోచలేదు, ఇవ్వాలని అతనికీ తోచలేదు. కానీ ఆ తర్వాత తాజుద్దీన్ వచ్చినప్పుడు కుర్చీ అంచున కాక, వెనక్కి వాలి కూర్చోవడం యాదలక్ష్మి గమనించింది.

తెర వచ్చింది కానీ తెలుగు రాలేదు. తాజుద్దీన్‌కు తెలియదు, పత్రికలో లేదు. హైదరాబాదులో లినక్స్ వాడేవాళ్ళు నెలకోసారి ఒకచోట కలుస్తారని ఎక్కడో చదివి, గుర్వయ్య సారు బస్సెక్కి వెళ్ళాడు. అక్కడున్న వాళ్ళంతా ఇరవై, పాతికేళ్ళ ఇంజనీర్లు. గళ్ళ చొక్కా ఇన్ చేసుకుని, గొడుగు చేతిలో పట్టుకుని వచ్చిన ఈ మనిషిని మొదట ఎవరి తండ్రో అనుకున్నారట. బాగానే మాట్లాడారు. సౌండు కార్డు, మోడెము, అన్నిటికీ దారులు చెప్పారు. తెలుగు అనేసరికి ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఎవరో అమెరికాలో ఉన్న తెలుగువాళ్ళు ఒక పద్ధతి తయారు చేశారని, తెలుగు మాటను ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే అది తెలుగుగా మార్చి అచ్చు వేస్తుందని ఒకతను చెప్పాడు. అది తన దగ్గర లేదట, తెప్పించి చూడొచ్చట. లినక్స్‌లో ఏది లేకపోతే అది మనమే రాసుకోవచ్చు, అదే దాని గొప్పదనం అని ఇంకొకతను ఉత్సాహంగా అన్నాడు. గుర్వయ్య సారుకు నలభై తొమ్మిదేళ్ళు. రాసుకోవడం తన వల్ల కాదని ఆయనకు తెలుసు. వాళ్ళకు ధన్యవాదాలు చెప్పి బస్టాండుకు వచ్చాడు.

ఇంటికొచ్చి అమెరికా పద్ధతి సంగతి యాదలక్ష్మికి చెప్పాడు. ఆమె చేస్తున్న పని ఆపి విన్నది.

"తెలుగు రాసేటందుకు నాకు ఇంగ్లీషు రావాల్నా?" అంది.

ఆమె ఎగతాళిగా అనలేదు. నిజంగానే అడిగింది. ఆమెకు ఇంగ్లీషు అక్షరాలు వచ్చు, అంతకు మించి రాదు. గుర్వయ్య సారు తన పట్టుదలంతా ఒక పక్క పెట్టి ఆలోచించాడు. తనకు మచ్చ లేని యంత్రం కావాలి. ఆమెకు తన వేళ్ళకు అలవాటైన తెలుగు కావాలి. ఆ మచ్చ తుడుచుకోవడానికి తాను తీసుకున్నది తన వస్తువు కాదు, ఆమెది. ఆ సంగతి ఆయనకు అప్పుడు బోధపడింది. అప్పటిదాకా ఆమె షాపుకు వెళ్ళడాన్ని అలక అనుకున్నాడు.

మర్నాడు బడికి సెలవు పెట్టి తాజుద్దీన్ దగ్గరికి వెళ్ళాడు. డిస్కు రెండు భాగాలు చేసి, ఒకదాంట్లో విండోస్, తెలుగు అక్షరాలు మళ్ళీ ఎక్కించమన్నాడు. తాజుద్దీన్ ఆయన ముఖంలోకి చూశాడు.

"సార్, అది మళ్ళ కాపీయే. నా దగ్గర వేరేది లేదు."

"తెలుసు. ఎక్కియ్యి."

"మీకు మనసున పడతదా?"

"పడది. అయినా ఎక్కియ్యి. అమ్మ పని ఆగొద్దు."

అలా ఒకే పెట్టెలో రెండూ ఉండసాగాయి. స్విచ్చు వేయగానే ఏది కావాలని అడిగేది. ఒకటి కొడితే ఆమెది, రెండు కొడితే ఆయనది. యాదలక్ష్మి షాపుకు వెళ్ళడం మానుకుంది. మొదట కొన్నాళ్ళు ఆమె పని చేస్తుంటే ఆయన ఆ గదిలోకి వచ్చేవాడు కాదు. వచ్చినా తెర వైపు చూసేవాడు కాదు. ఎవరి ఇంట్లోనో అనుమతి లేకుండా కూర్చున్నట్టుందని ఒకసారి ఆమెతో అన్నాడు. ఆమె చేతులు ఆపి, నాలుగు కాలాలు పని దొరికితే అసలుదే కొంటానని, అంతవరకు ఆ పాపం తన లెక్కలో వేసుకొమ్మని చెప్పింది. పాపం ఎవరి లెక్కలో వేయాలో తేల్చే పని అదివరకు ఆయనదే అయి ఉండేది. పరీక్షల కాలం వస్తే ఆయన యథాప్రకారం డ్యూటీకి వెళ్ళాడు, కిటికీ రెక్కలు మూయించాడు. చెయ్యి చాపేటప్పుడు మాత్రం లోపల ఏదో చిన్నగా గుచ్చుకునేదని తర్వాతెప్పుడో యాదలక్ష్మితో చెప్పుకున్నాడు.

తొంభై తొమ్మిది వానాకాలంలో రామగిరి బడి వాళ్ళు పదో తరగతి లెక్కల పత్రం పంపారు. యాదలక్ష్మికి లెక్కల పత్రమంటే తలనొప్పి. భిన్నాలు, వర్గమూలం గుర్తులు ఆ తెలుగు అక్షరాల్లో సరిగ్గా రావు. ఖాళీ వదిలేసి, అచ్చయ్యాక పెన్నుతో గీయాల్సి వచ్చేది. ఆమె ఆ మాట అంటుంటే గుర్వయ్య సారు పక్క గదిలోంచి విన్నాడు. తన లినక్స్‌లో లెక్కల గుర్తులు ముత్యాల్లా అచ్చువేసే పరికరం ఒకటి ఉంది. కొన్ని నెలలుగా దాన్ని ఊరికే తన సరదాకు నేర్చుకుంటున్నాడు. దాంతో చేసిన పేజీలను చూపించడానికి ఎవరూ లేక, దిండు కింద పెట్టుకునేవాడు.

"గుర్తులు నేను కొడత. మాటలు నువ్వు కొట్టు," అన్నాడు.

"ఒక్క కాయిదం మీద రెండు మిషన్లు ఎట్ల?"

"రెండుసార్లు ప్రింటర్ల పెడదాం."

ఆ శనివారం మధ్యాహ్నం నుంచి ఇద్దరూ ఆ పని మీద కూర్చున్నారు. ముందు ఆమె ప్రశ్నలు తెలుగులో కొట్టి, గుర్తుల జాగా వదిలి అచ్చు తీసింది. ఆయన ఆ కాగితం మీద స్కేలు పెట్టి కొలిచి, యంత్రం ఆపి, తనది లేపి, సరిగ్గా ఆ ఖాళీల్లో పడేలా గుర్తులు అమర్చాడు. అదే కాగితం మళ్ళీ ప్రింటర్లో పెట్టారు. మొదటిసారి వర్గమూలం వెళ్ళి 'సూక్ష్మీకరించుము' అన్న మాట మీద కూర్చుంది. యాదలక్ష్మి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. రెండోసారి పేజీ మొత్తం కొంచెం కిందికి జారింది. కాగితం మూల ఎక్కడ ఆనాలో ప్రింటరు మీద ఆమె పెన్సిలుతో చిన్న గీత గీసింది. మధ్యలో కరెంటు పోతే అరుగు మీదికొచ్చి కూర్చుని, పల్లీలు తింటూ, పదకొండో ప్రశ్నలో తప్పు ఉందని ఆయన అంటే, అది తనకు పంపినట్టే కొట్టానని ఆమె వాదించింది. కరెంటు వచ్చాక మళ్ళీ లోపలికి వెళ్ళారు. ఆయన రెండు కొట్టి డిస్కు పరీక్ష అయ్యేదాకా ఓపిగ్గా కూర్చున్నాడు. ఈసారి ఆమె కూడా కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది.

ప్రింటరు కిరకిరమంటూ కాగితాన్ని బయటికి నెట్టింది. ఆమె దాన్ని తీసి వెలుతురుకు పట్టి చూసింది. తెలుగు వరసలో తెలుగు ఉంది. భిన్నం చోట భిన్నం నిలబడింది. ఒకచోట గుర్తు వెంట్రుకవాసి పైకి లేచింది కానీ, అది పిల్లలకు కనబడదని ఆమె తీర్మానించి, జిరాక్సుకు పంపే కాగితాల పైన పెట్టింది.